గడప కాడ ఆడబిడ్డ

వదిన పోయిందన్న ఫోను వచ్చేసరికి నా చేతిలో ఒక పెద్దాయన చెయ్యి ఉంది. సూది నరంలో ఉంది, ట్యూబులోకి రక్తం వస్తోంది. బల్ల మీది ఫోనులో అన్న పేరు కనిపించింది. పొద్దున ఆ వేళకు అన్న దుకాణం తెరిచే తొందరలో ఉంటాడు, నాకు ఫోను చేయడు. ఎత్తకముందే నాకు తెలిసిపోయింది. అయినా ట్యూబు నిండనిచ్చాను, సూది తీశాను, దూది పెట్టి "చెయ్యి మడిచి పట్టుకో బాపూ" అన్నాను. అప్పుడు ఫోనెత్తాను.

"చెల్లే, మీ వదిన పోయిందే" అన్నాడు అన్న. ఇద్దరం ఫోన్లు చెవికి పెట్టుకొని అట్లాగే ఉండిపోయాం.

పెద్దాయన నా ముఖం చూసి ఏమైందని అడిగాడు, చెప్పాను. "నాది రేపు చూద్దువు తీ బిడ్డా, ముందు ఇంటికి పో" అన్నాడు. ల్యాబ్‌కు తాళం వేసి బయటికొచ్చాను. సిద్దిపేట రోడ్డు రోజూ ఉన్నట్టే ఉంది. బస్సులు, కూరగాయల బండ్లు, బడి పిల్లలు. నాకు వాళ్లందరి మీదా కోపం వచ్చింది.

ఇది చదువుతున్న మీకు మా వదిన తెలియదు. ఆమె పేరు పేపర్లో పడేంత పెద్ద మనిషేం కాదు. కంప్యూటర్ ఇంజనీరు, మా అన్న భార్య, నాకంటే కొంచెం పెద్దది. ఆమెకు వచ్చింది రక్తం క్యాన్సర్. దాన్ని మొట్టమొదట చూసింది నేనే, నా రక్తపరీక్షల ల్యాబ్‌లోనే. ఆ రిపోర్టు ఆమెది కాకూడదని నేను ఎంత కొట్టుకున్నానో నాకు తెలుసు. అది తనదేనని తేల్చింది మాత్రం ఆమే. తన చేతితో చేసిన పనిని సాక్ష్యం పెట్టి మరీ తేల్చింది. అది ఎక్కడో ఒకచోట చెప్పుకోకపోతే నాకు ఊపిరాడేట్టు లేదు, అందుకే రాస్తున్నాను.

మొదట పెండ్లినాటి ముచ్చట చెప్పాలి. కొత్త పెండ్లికూతురు అత్తగారింట్లో అడుగుపెట్టే ముందు ఆడబిడ్డ గడపకు అడ్డం నిలబడుతుంది కదా. మొగుని పేరు చెప్తేనే దారి. సిగ్గుపడి గొణిగితే వినపడలేదంటాం, ఇంకోసారి చెప్పిస్తాం. నేను కూడా పట్టుచీర కట్టుకొని, చెయ్యి అడ్డం పెట్టి, పెద్ద దొరసానిలెక్క నిలబడ్డాను. ధూళిమిట్ట నుంచి వచ్చిన ఈ పిల్ల తల వంచుకోలేదు. నా కండ్లలోకి చూసి "అడిగేదెవరు? ముందు నీ పేరు చెప్పు" అంది.

చుట్టూ ఉన్నవాళ్లు విరగబడి నవ్వారు. నాకు ఒళ్లు మండింది. అయినా చేసేదేముంది, చెప్పాను. అప్పుడామె మా అన్న పేరు ఇంటిపేరుతో సహా చెప్పింది. అంతటితో ఆగకుండా మా బాపు పేరు కూడా చెప్పి "గీయన కొడుకే గద? గిదే పేరుతోని సిద్దిపేటల ఇంకోల్లుంటే మల్ల లొల్లి" అంది. మా అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. ఆ రోజంతా నేను మూతి ముడుచుకునే ఉన్నాను.

ఆమె తీరే అది. ఎవరైనా "నేను గట్లనుకున్న" అంటే చాలు, వదినకు గిట్టేది కాదు. "అనుకునుడు కాదు, అడుగుడు" అనేది. ఉప్పు వేశావనుకున్నా అంటే అదే మాట, తలుపేశావనుకున్నా అంటే అదే మాట. అన్న ఎన్నిసార్లు పడ్డాడో ఆ మాట. స్టీలు సామాన్ల దుకాణంలో బేరాలాడీ ఆడీ నోరు తిరిగిన మనిషి, ఇంటికొచ్చేసరికి నోరు మూసుకునేవాడు.

మొదట్లో ఆమె ఉద్యోగం హైదరాబాద్‌లో. లాక్‌డౌన్ తర్వాత మా ఇంటి మేడ మీది గదిలోంచే చేసేది. జుట్టు ముడి వేసి అందులో పెన్ను గుచ్చేది, అన్న పాత అంగీ నైటీ మీద తొడుక్కునేది. చాయ్ పూర్తిగా చల్లారాకే తాగేది. అంత చల్లారబెట్టుకునేదానివి వేడిగా పెట్టించుకోవడం ఎందుకని అవ్వ గొణిగేది. కంప్యూటర్ తప్పు చూపిస్తే దాంతో మాట్లాడేది. "ఏందే, ఎందుకలిగినవ్? చెప్పు మరి" అని బుజ్జగించేది. మనుషుల మీద లేని ఓపిక దాని మీద ఉండేది. అసలు నువ్వు చేసే పనేందని ఒకసారి అడిగితే "మంది ఇండ్లల్ల వేలు పెట్టుడు" అంది. నిజమే చెప్పిందని తర్వాత తెలిసింది.

మా ల్యాబ్‌లో పాత ప్రోగ్రామ్ ఒకటుంది. వచ్చినవాళ్ల పేరు, వయసు ఎక్కిస్తే, రక్తం పరీక్షించే మిషను దగ్గర్నుంచి అంకెలు తీసుకొని రిపోర్టు అచ్చు వేస్తుంది. మిషను ఆ ఒక్క ప్రోగ్రామ్‌తోనే మాట్లాడుతుంది, ఇంకోదాని మాట వినదు. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఫోను చేస్తే ఆ నంబరే లేదంటుంది.

ఆ ప్రోగ్రామ్ ప్రతి మనిషికీ ఒక గుర్తు పెడుతుంది. పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, వయసు, ఆడా మగా. అంతే. పట్నంలో కూర్చొని రాసినవాళ్లకు అది చాలనిపించి ఉంటుంది. కొమురెల్లి మల్లన్న మా పక్కనే ఉన్నాడన్న సంగతి వాళ్లకేం తెలుసు. మల్లయ్య, మల్లవ్వ, మల్లేశం, మల్లారెడ్డి, మల్లమ్మ. మా వైపు ఏ వాడకట్టు తిరిగినా ఆ దేవుని పేరే పలుకుతుంది. నాలుగక్షరాలకు కోసేస్తే అందరూ ఒక్కటే. ఇక వయసు సంగతి చెప్పనే వద్దు. "ఎన్నేండ్లు అవ్వా?" అని అడిగితే "ఏమో బిడ్డా, అరువై రాసుకో" అంటారు. యాభై దాటిన దగ్గర్నుంచి ఎనభై దాకా అందరికీ అరవయ్యే. గుర్తు కలిసిందంటే చాలు, పాత మనిషే మళ్లీ వచ్చిందని ఆ ప్రోగ్రామ్ అనుకుంటుంది. ముందున్న అంకెలు తుడిచేసి కొత్తవి పెడుతుంది.

ఒకరోజు కొండపాక నుంచి ఒక మల్లవ్వ వచ్చింది, కొంతసేపటికి ఎర్రవల్లి నుంచి ఇంకో మల్లవ్వ వచ్చింది. ఇద్దరికీ అరవై. ఎర్రవల్లి మల్లవ్వకు షుగర్ బాగా ఎక్కువ, కొండపాక మల్లవ్వకు ఏమీ లేదు. రెండోసారి ఎక్కించినప్పుడు మొదటామె అంకెలు పోయాయి, రెండో ఆమెవి వచ్చి కూర్చున్నాయి. ఏ జబ్బూ లేని మనిషి ఆ రిపోర్టు డాక్టరుకు చూపించి షుగర్ గోలీలు మింగింది. చేను కాడ చెమటలు పట్టి పడిపోయింది. సమయానికి దవాఖానకు తీసుకుపోయారు కాబట్టి బతికింది.

తేరుకున్నాక నా దగ్గరికే వచ్చింది. తిట్టడానికి వచ్చిందనుకున్నాను. ఆమె నా ఎదురుగా కుర్చీలో కూర్చొని, రిపోర్టు కాగితం బల్ల మీద పెట్టి, మెల్లగా నా వైపు జరిపింది.

"ఇది నాది కాదంట బిడ్డా. నా రక్తం నాకియ్యి. ఇంకోల్లది నాకెందుకు?"

తిట్టి ఉంటే బాగుండేది. నేను ల్యాబ్ మూసేద్దామనుకున్నాను, ఇంటికెళ్లి ఆ మాటే అన్నాను. వదిన చల్లారిన చాయ్ పక్కన పెట్టింది. "నువ్వు మూస్తే మల్లవ్వలు ఏడికి పోతరు? ఇంకో ల్యాబ్‌కు. ఆడ గూడ గదే ప్రోగ్రామ్ ఉంటే?" అంది. మర్నాడు తన ల్యాప్‌టాప్ పట్టుకొని నాతోపాటు వచ్చింది.

మధ్యాహ్నాలు ల్యాబ్ ఖాళీగా ఉన్నప్పుడు ఆమె ఆ ప్రోగ్రామ్‌ను విప్పి చూసేది. తెర మీద తలాతోకా లేని ఇంగ్లిష్ ముక్కలు వరసలు వరసలుగా కనపడేవి. "రాసినోల్లు రాసింది మనకాడ లేదు. గది జొన్నలనుకో. మనకాడున్నది పిండి. ఏ జొన్నలో చూస్తే తెలుస్తది గని, మల్ల జొన్నలు గావు" అంది.

"మరి గా పిండినే మార్చు."

"మారిస్తే లేవదు. షురూ చేయంగనే తన ఫైలును తనే తడుముకుంటది. ఒక్క అక్షరం తేడా ఉన్నా నేను లేవ అంటది. దొంగ నకళ్లు తియ్యకుంట గట్ల పెట్టిన్రు."

"ఇగ అయినట్టే" అన్నాను.

వదిన పెన్ను తీసి మళ్లీ ముడిలో గుచ్చుకుంది. "పెండ్లినాడు నువ్వు గడప కాడ అడ్డం నిలవడ్డవ్, యాదుందా?" అంది.

"ఇప్పుడు గదెందుకు?"

"ఇను. ప్రోగ్రామ్ అంటే ఒక్కటే ముక్క గాదు, మస్తు ముక్కలుంటయి. ఏ ముక్కతోని పని వడితే గది ఫైల్లకెల్లి లేచి లోపలికొస్తది. గీ ప్రోగ్రామ్ రాసింది జావా అనే కంప్యూటర్ భాషల, అండ్ల ఒక సౌలతుంది. గడప కాడ మన మనిషిని నిలబెట్టచ్చు. వచ్చిన ప్రతి ముక్కను ఆపి, నీ పేరేందని అడుగుతది. మనకు పనిలేని పేరైతే పో అంటది. మనకు గావాల్సిన పేరైతే జర ఆగు అని కొంగు సదిరి, ఒక మాట ఎక్కువ నేర్పి లోపలికి తోలుతది. ఫైలు ఫైలు లెక్కనే ఉంటది. తడుముకుంటే తడుముకోనీ, ఏం తేడా దొరకది. లోపలికొచ్చింది మటుకు మారి ఉంటది."

నాకు అర్థమైంది. నమ్మకం మాత్రం కుదరలేదు. ఒక ముక్క పేరు అడిగి పట్టుకున్నావే అనుకో, దానికి ఏం నేర్పుతావన్నాను. నాలుగక్షరాలకు బదులు పూర్తి పేరు పెడుతుందేమో, ఊరు కలుపుతుందేమో అనుకున్నాను. వదిన నన్నే అడిగింది. "ఇద్దరు మల్లవ్వలొస్తే నువ్వెట్ల గుర్తువడతవ్?"

"ఏ ఊరు, ఎవరింటోల్లని అడుగుత."

"అయితే గది గూడ అట్లనే అడగాలె. పాత మనిషే అని దానంతటది అనుకోవద్దు."

అట్లాగే చేసింది. మొదటిరోజు ప్రోగ్రామ్ అసలు లేవనే లేదు. జావాకు తూకం పట్టింపు ఎక్కువట. ఒక ముక్క లోపల ఏది పైకెత్తినా మళ్లీ దించి ఉండాలి, ఒక్కటి మిగిలినా రానివ్వదు. వదిన చేర్చిన దాంట్లో ఒకటి ఎత్తి దించడం మరిచింది. బయట పరగడుపుతో వచ్చినవాళ్లు వరసగా కూర్చొని ఉన్నారు. నేను నోరు చేసుకున్నాను. ఉన్నదాన్నీ చెడగొట్టావన్నాను. ఆమె తలెత్తకుండా "ఆడబిడ్డ పోరు ఎట్లుంటదో అనుకున్న, గిట్లుంటదన్నమాట" అంటూ టైపు చేస్తూనే ఉంది. వచ్చినవాళ్లు నవ్వారు, నాకూ నవ్వొచ్చింది. కాసేపటికి ప్రోగ్రామ్ లేచింది. తెర మూలన చిన్న నల్ల కిటికీలో తెలుగులో ఒక వరస కనపడింది. ఆడబిడ్డ గడప కాడ నిలవడ్డది, అని.

"ఇదేంది?"

"దాని పేరు. ఊకె అడ్డం నిలవడి అడుగుతది గద, ఇంకేం పేరు పెట్టాలె?"

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు, మా కోడలికి ఇంట్లో మొగుడూ ఆడబిడ్డా కలిసి ఒకటిన్నర ఉంటే ల్యాబ్‌లో ఇంకో సగం తయారైందని అవ్వ అందరికీ చెప్పుకొని నవ్వింది.

ఆ తర్వాత ఎవరి పేరు కలిసినా తెర మీద ఒక పెట్టె తెరుచుకునేది. ఇంతకుముందు వచ్చిన మనిషేనా? ఏ ఊరు? ఎవరింటోల్లు? వదిన మా మాటల్లోనే రాసింది. నేను పైకి చదివి అడిగేదాన్ని. ముసలివాళ్లకు అది ఎంత నచ్చిందో చెప్పలేను. కంప్యూటర్ మా ఊరి పేరు అడుగుతోందని ఇంకా ముందుకు జరిగి గట్టిగా చెప్పేవారు. ఊరితో ఆపేవారు కాదు, ఎవరి బిడ్డో, ఎవరి కోడలో, ఏ గడ్డ మీది ఇల్లో కూడా చెప్పేవారు. కొండపాక మల్లవ్వ మళ్లీ వచ్చినప్పుడు రిపోర్టు చేతికిచ్చి "ఇది నీదే అవ్వా" అన్నాను. కాగితం మడిచి రొండిన దోపుకుంది. అప్పట్నుంచి నా దగ్గర ఒక్క రిపోర్టు కూడా ఒకరిది ఒకరికి పోలేదు.

ఇక్కడిదాకా రాయడం తేలికే.

మొన్న ఎండాకాలం వదినా నేనూ సాయంత్రం కోమటిచెరువు కట్ట మీద నడుస్తున్నాం. సగం దూరం కూడా పోకుండానే కూర్చుంది. ఆయాసమన్నది. ఎప్పుడూ నన్ను వెనక వదిలేసి నడిచే మనిషి. మోచేతి కింద కమిలిన మచ్చలు కనపడ్డాయి. తలుపు తగిలిందేమో అన్నది. అనుకోవద్దు, అడగాలని నువ్వే అంటావు కదా, రేపు ల్యాబ్‌కు రా, నీ రక్తాన్నే అడుగుదామన్నాను. నవ్వుతూనే అన్నాను. ఆమె కూడా నవ్వుతూనే సరేనంది.

మర్నాడు వచ్చింది. ఇంటి మనిషివి, పేరు ఎక్కించేదేముందన్నాను. ఒప్పుకోలేదు. "అందరికి ఒక కాయిదా, నాకొక కాయిదానా? ఎక్కియ్యి" అంది. ఆమె పేరుతో మా దగ్గరికి వచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు, పెట్టె తెరుచుకుంది. ఏ ఊరు? "ధూళిమిట్ట" అంది. ఎవరింటోల్లు? మా ఇంటిపేరు చెప్పింది. రక్తం తీసి మిషనులో పెట్టాను. అంకెలు వచ్చాయి. చూశాను. తెల్లకణాల దగ్గర ఉండాల్సిన అంకె లేదు. ఏ ఆరోగ్యవంతుడికీ రాని అంకె ఉంది.

"వదినా, నీ ఆడబిడ్డ గడబిడ చేసింది" అన్నాను. "ఎవరిదో తెచ్చి నీకు పెట్టింది."

అబద్ధమాడలేదు. నేను నిజంగా అట్లాగే నమ్మాను. ఇంకెవరిదో అయి ఉండాలని కోరుకున్నాను. ఆ ఇంకెవరో కూడా ఒక మనిషేనని, వాళ్లకూ ఇల్లూ పిల్లలూ ఉంటారని తోచలేదు. దేవుడా, ఇది ఏ మల్లవ్వదో కానీ అనుకున్నాను.

వదిన కుర్చీ లాక్కొని నన్ను పక్కకు జరగమంది. నల్ల కిటికీ పెద్దది చేసింది. ఏ ముక్క ఎప్పుడు గడప దాటిందో, ఎప్పుడు పెట్టె తెరుచుకుందో, ఏం జవాబు పడిందో ఒక్కొక్కటే వేలు పెట్టి చదివింది. మిషను అంకెలు ఎవరి పేరు మీద వచ్చాయో చూసింది. తన పని తప్పయిందంటే ఊరుకోదు కదా. చివరిదాకా చదివి నా వైపు తిరిగింది.

"ఏం గడబిడ లేదు. చూడు, అడిగింది, చెప్పినం, ఎవరిది వాల్లకే పెట్టింది. సక్కగ చేసింది" అంది.

ముఖం వెలిగిపోయింది. పరీక్షలో లెక్క కుదిరిన పిల్లలా నవ్వింది. ఆ నవ్వు నేను చచ్చేదాకా మరిచిపోను. తర్వాత తెర మీద తన పేరు ఇంకోసారి చదువుకుంది. నవ్వు అక్కడే ఆగిపోయింది.

"అయితే ఇది నాదే" అంది.

ట్యూబులు మారి ఉంటాయన్నాను. మిషను పాడై ఉంటుందన్నాను. మళ్లీ తీయమని ఇంకో చెయ్యి చాపింది. మళ్లీ అదే అంకె. అప్పుడు నేను రక్తపు చుక్క గాజు పలక మీద పరిచి మైక్రోస్కోప్ కింద పెట్టాను. ఉండకూడని కణాలు, పెద్దపెద్దవి, గుంపులు గుంపులుగా. వేరేవాళ్ల రక్తంలో చూసినవే. కండ్లు పైకెత్తలేకపోయాను. వదిన నా వెనక నిలబడి నా భుజం మీద చెయ్యి వేసింది. ఓదార్చాల్సింది నేను, ఓదార్చింది ఆమె.

"ఇది తప్పు అయ్యుంటే ఎంత బాగుండు" అని ఏడ్చాను.

"తప్పయితే ఇంకోల్లకు పోతుండె" అంది.

హైదరాబాద్ దవాఖానలో నెలలు గడిచాయి. జుట్టు పోయింది, పెన్ను గుచ్చడానికి ముడి లేదు. పెన్ను చెవి మీద పెట్టుకునేది. నేను పోయిన ప్రతిసారీ ల్యాబ్ ఎట్లా నడుస్తోందని అడిగేది. ఒకరోజు మందు బొట్లుబొట్లుగా చేతిలోకి ఎక్కుతుంటే దాన్నే చూస్తూ "డాక్టర్ల పని గూడ నా పనే" అంది. "మనిషిని బందు పెట్టకుంట, నడుస్తుండంగనే లోపల మార్చాలె. పాపం, వీల్లకు గూడ రాసినోడు దొరకడు." అన్న బయటికి వెళ్లిపోయాడు. వరండాలో గోడకు ముఖం పెట్టుకొని ఏడుస్తుంటే నేను చూశాను. ఆయనకు నేను కనపడకుండా వెనక్కి వచ్చేశాను.

మధ్యలో బాగైనట్టే అయింది. ఇంటికొచ్చింది. అవ్వ సర్వపిండి చేస్తే అంచులన్నీ విరిచి తినేసి నడిమిది అన్నకు వదిలేసింది, ఎప్పట్లాగే. మేమందరం గట్టిగా ఊపిరి తీసుకున్నాం. వానలు తగ్గేసరికి జబ్బు తిరిగొచ్చింది. ఈసారి డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆ మాట అన్నకు చెప్పిన డాక్టరు నేల చూపులు చూస్తూ చెప్పాడట.

మంచాన ఉన్నప్పుడు నాకొక పని అప్పజెప్పింది. "మంచి ప్రోగ్రామ్ చూసుకో. దాంతోని మాట్లాడే మిషను గూడ చూసుకో. నా ఆడబిడ్డను తీసెయ్యి."

తీయనన్నాను.

"అది అతుకే. కొత్త జావా వచ్చిన్నాడు అలుగుతది. గప్పుడు సదరనీకె నేనుండ" అంది.

అంత నిమ్మళంగా ఎట్లా అనగలిగిందో నాకు తెలియదు. నాకు కోపం వచ్చింది. నువ్వుండవని ఎట్లా అంటావని అరిచాను. ఆమె మంచం మీద కొంచెం జరిగి జాగ ఇచ్చింది. పక్కన పడుకున్నాను. పెండ్లినాడు మా ఇంట్లోకి వచ్చేటప్పుడు నేను ఆపిన మనిషి. పోయేటప్పుడు ఆపడం ఎవరి చేతనైంది.

ఆమె పోయాక ల్యాబ్ తెరవడానికి నాకు కాళ్లు రాలేదు. అన్నే తాళం చెవి తెచ్చి చేతిలో పెట్టాడు. "మంది ఎదురుచూస్తున్నరు పో చెల్లే" అన్నాడు. ఆయన మాత్రం దుకాణానికి పోలేదు. మేడ మీది గదిలో ఆమె కుర్చీ పక్కన, నేల మీద కూర్చుంటున్నాడు. కుర్చీలో కూర్చోవచ్చు కదా అంటే "ఆమె జాగ గద" అంటాడు.

చివరి రోజుల్లో రెండు మూడు రోజులకోసారి ఆమె రక్తం తీసి అంకెలు హైదరాబాద్‌కు పంపేదాన్ని. ల్యాబ్‌లో పేరు ఎక్కించి, ట్యూబు మీద చీటీ అంటించుకొని ఇంటికి తెచ్చేదాన్ని. ఆమె పోయే ముందురోజు కూడా అట్లాగే ఎక్కించడానికి కూర్చున్నాను. పెట్టె తెరుచుకుంది. ఏ ఊరు? ధూళిమిట్ట అని కొట్టాను. ఎవరింటోల్లు? ఇంటిపేరు కొట్టాలి. కండ్ల నీళ్లతో తెర సరిగ్గా కనపడలేదు. "మా ఇంటోల్లు" అని కొట్టేశాను. చీటీ అట్లాగే అచ్చు పడింది.

మధ్యాహ్నం ఇంటికి పోయాను. వదిన మెలకువగా ఉంది. చేతికి రబ్బరు పట్టీ కడుతుంటే నా దగ్గర్నుంచి ట్యూబు అడిగి తీసుకుంది. కంటికి దగ్గరగా పెట్టుకొని, పెదాలు కదుపుతూ చీటీ చదివింది.

"గిట్ల రాస్తరా? మా ఇంటోల్లంటే ఎవరింటోల్లు? ఎవ్వలకు తెలుస్తది?" అంది. గొంతు లేదు, గాలే వచ్చింది. అయినా అందులో కోపం ఉంది.

"మారుస్త వదినా. మల్ల అచ్చు తీసుకొస్త."

ఇంకోసారి చదువుకుంది.

"వద్దు. ఉండనియ్యి" అంది.

ట్యూబును పిడికిట్లో పెట్టుకొని, ఆ చెయ్యి దుప్పటి లోపలికి తీసుకుంది. కండ్లు మూసుకుంది. రబ్బరు పట్టీ విప్పి ఆమె పక్కనే కూర్చున్నాను. ఖాళీ ట్యూబు ఆమె చేతిలోనే ఉంది. నేను అడగలేదు, ఆమె ఇవ్వలేదు.